పూలతోట కాని చోటు

పెళ్లయిన కొత్త. ప్రణయ్ హజీరా కంపెనీ బస్సు దిగి గుజరాతీ చిరుతిండి లోచో పొట్లంతో ఇంట్లో అడుగుపెట్టాడంటే హారతికి రోజూ పండగే. ఆ సాయంత్రం మాత్రం ఆమె లాప్‌టాప్ మీంచి తల ఎత్తలేదు.

"ఏంది మేడమ్, మొగుడు అప్పుడే పాతబడ్డడా?"

"జర ఇటు రా. గిదేందో చూడు."

తెర మీద పర్వత్ పాటియాలోని ఖాళీ జాగా ఒకటి కనిపిస్తోంది. పన్నులు, డ్రైనేజీ, తోటలు, ఏ ఆఫీసు పటం దానిదే. వాటన్నిటినీ కలిపి, ఒకరు మార్చింది అందరికీ కనబడేలా చేయడం నగరపాలికలో హారతి పని. ఈ జాగాని పన్నుల వాళ్లు ఖాళీ అన్నారు. డ్రైనేజీ వాళ్లు పంపుహౌసు గీసుకున్నారు. తోటల వాళ్ల పటంలో మాత్రం నడిమధ్య గుండ్రటి పూలతోట ఉంది. తోట ఉంటే పంపుహౌసు రాదు.

"మంచిదే కదా?"

"తోట కాదు ప్రణయ్! పటం కోసం ఫొటోలు తీసే డ్రోన్ ఎగిరింది సద్దుల నాడు. అవి మా బతుకమ్మలు!"

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. నవ్వుతూనే హారతి కళ్లు తుడుచుకుంది. ఆ జాగా పక్క సందులోనే మరమగ్గాల మోతలో పుట్టి పెరిగిన పిల్ల. ఏడాదికి ఆ ఒక్క సాయంత్రం సందులో మగ్గాలన్నీ ఆగేవి. అప్పుడు చప్పట్లు ఎంత ఇంపుగా వినిపించేవని! తంగేడు దొరకని ఊళ్లో అమ్మ బంతిపూలతోనే నిలువెత్తున పేర్చేది. అమ్మ కొంగు పట్టుకుని తిరుగుతూ తిరుగుతూ తను నిద్రలోకి జారుకునేది.

"ఉండనియ్యి మరి. ఎవలకు తెలుస్తది?"

"నాకు తెలుసు కదా. ఇన్నాళ్లు ఆ తప్పు ఒక్క ఆఫీసులనే ఉన్నది. రేపు నేను కలిపితే అన్నిట్లకు పోతది."

మర్నాడు మీటింగులో హారతే తప్పు బయటపెట్టింది. డ్రైనేజీ ఇంజనీరు ముఖం వెలిగిపోయింది.

"అయితే ఖాళీయేగా!"

"ఖాళీ కాదు సార్. ఏటా మావాళ్లు పండగ చేసుకునే చోటు. ఆ మాట చెప్పడానికే మన పటాల్లో వీల్లేదు."

తోటల ఆఫీసు భాగీరథీబెన్ కుర్చీ ముందుకు జరుపుకుంది. "అమ్రోలిలో మేం గర్బా ఆడే చౌక్? అదెలా ఉంది?"

హారతి వెతికి చూసింది. "పార్కింగ్ అని ఉంది బెన్."

"పార్కింగా! కోడలిగా వచ్చి నేను మొదటిసారి ఆడింది అక్కడే!"

అంతే, గదిలో ఎవరి చౌక్ వాళ్లకు గుర్తొచ్చింది. చాయ్ చల్లారేలోగా అన్ని ఆఫీసులకూ కనబడేలా పండగ స్థలాల పటం ఒకటి కొత్తగా ఖాయమైంది. ఇంజనీరు గొణుగుతూనే పంపుహౌసును ఒక మూలకు జరిపాడు. ఆ మూల మాత్రం వదలనన్నాడు.

హారతి తన చేత్తోనే పూలతోట చెరిపేసి, మైదానం చుట్టూ గీత గీసి, ప్రణయ్‌కు ఫోన్ చేసింది.

"జాగా దక్కింది! ఒక్క మూల పోయింది. మేం చెప్పులిడిచే మూల."

"గంతే కదా! ఈసారి మీ చెప్పులకు నేను కావలి కూసుంటా తియ్."