మారు వడ్డన

నేను ఒక ఇత్తడి హస్తాన్ని. జాతకాలవాళ్ళు గీతలు చూసే హస్తం కాదు, అన్నం వడ్డించే హస్తాన్ని. ఇత్తడి సామానుకు పేరున్న అజ్జరంలో పుట్టాను. రేకును కొలిమిలో కాల్చి, సుత్తితో సాగగొట్టి, అరచెయ్యి కన్నా వెడల్పు చేసి, పొడుగాటి కాడ తగిలించారు. అన్ని దెబ్బలు తిని పుట్టినదాన్ని కాబట్టి నాకు పెద్దగా దేనికీ చలించే అలవాటు లేదు. ఈ కథలో ఒక్కచోట చలించాను. అది వచ్చినప్పుడు చెబుతాను.

సీతారత్నం గారి సారెలో బిందెలతోపాటు నన్నూ కొన్నారు. కాడ మీద ఆవిడ పేరు చెక్కించారు. ఎవరూ ఎత్తుకుపోకుండా ఉండడానికట. పేరున్న గిన్నెలు కూడా పేరుతో సహా వెళ్ళిపోవడం నేను చూశాను. వీధిలో ఎవరింట శుభకార్యం జరిగినా నన్ను అరువు తీసుకెళ్ళేవారు. సొట్టలతోనైనా ప్రతిసారీ తిరిగి వచ్చాను. సీతారత్నం గారి భర్త ఆ చేతి అన్నమే తిని, మెచ్చుకోకుండానే కాలం చేశారు. తర్వాత ఆవిడ తణుకులో కొడుకు సూరిబాబు దగ్గర ఉండిపోయారు. నేనూ వచ్చాను.

సూరిబాబు లారీలు తూచే కాటా దగ్గర పనిచేస్తాడు. కోడలు కుసుమ టైలరు. ముందు గదిలో మిషను, గోడకు వరసగా ఆది జాకెట్లు. కొడుకు లారీల బరువు చూస్తాడు, కోడలు ఆడవాళ్ళ కొలతలు చూస్తుంది, సీతారత్నం గారు మాత్రం దేన్నీ కొలవరు. వంటా వడ్డనా ఆవిడవే. వడ్డనలో ఆవిడకు ఒకటే శాస్త్రం. ఒక్కసారి వడ్డించి వదిలెయ్యకూడదు.

"ఒంటి వడ్డన కానోళ్ళకి పెట్టినట్టుంటది. మారు వెయ్యాల్సిందే" అంటారు. వద్దని కంచం మీద చెయ్యి అడ్డం పెట్టినవాళ్ళకు ఆ వేళ్ళ మీదే అన్నం పడేది. అదంతా ప్రేమ అనే అనుకునేవారు, ఆవిడా, వేళ్ళు కాలినవాళ్ళూ.

కుసుమ మిషను చప్పుడు వంటింట్లోకి వినిపిస్తూనే ఉండేది. ఒక ఏడాది ఆ చప్పుడు తేడాగా మారింది. మధ్యలో ఆగిపోయేది. గుడ్డ లేకుండా ఉత్తినే తిరిగేది. మిషనులోంచి ఎవరో తనను తిడుతున్నారని ఆ అమ్మాయి చెప్పింది. ఒకరోజు ఎవరిదో పట్టుబట్ట తీసుకుని ముక్కలు ముక్కలుగా కత్తిరించేసింది. ఇంటిల్లిపాదీ భయపడ్డారు. వేపమండలవాళ్ళ దగ్గరకు తీసుకెళ్ళమని వీధి మొత్తం సలహా ఇచ్చింది. సూరిబాబు మాత్రం భీమవరంలో మనసు జబ్బులు చూసే డాక్టరమ్మ దగ్గరకు తీసుకెళ్ళాడు. ఆవిడ ఒక మాత్ర రాసింది.

మాత్ర పనిచేసింది. గొంతులు తగ్గి తగ్గి పోయాయి. మిషను మళ్ళీ ఒక పద్ధతిగా నడిచింది. గొంతులు ఖాళీ చేసిన చోటికి ఆకలి వచ్చి కూర్చుంది.

ఆకలంటే మామూలు ఆకలి కాదు. అన్నం తిని చెయ్యి కడుక్కున్న కుసుమ తువ్వాలుతో తుడుచుకునేలోపే మళ్ళీ గిన్నె వైపు చూసేది. ఈ మందుతో ఆకలి పెరుగుతుంది, ఒళ్ళు వస్తుంది, కనిపెట్టి ఉండండి అని డాక్టరమ్మ ముందే చెప్పిందట. చెప్పినంత మాత్రాన ఆకలి మొహమాటపడుతుందా? సీతారత్నం గారికి మొదట్లో పండగలా ఉండేది. చిక్కిపోయిన కోడలు అడిగి మరీ తింటోంది. ఆవిడ వేశారు, మారు వేశారు, కొసరు వేశారు.

కుసుమ తన జాకెట్లలో లోపల వదిలిన కుట్లు ఒక్కొక్కటే విప్పుకుంటూ వచ్చింది. చివరికి విప్పడానికి కుట్టు మిగల్లేదు.

సూరిబాబు బజారునుంచి చిన్న కాటా తెచ్చి భోజనాల దగ్గర పెట్టాడు. లారీలను అదుపులో పెట్టే మనిషి కదా, అన్నాన్ని కూడా పెట్టగలననుకున్నాడు. కంచం దాని మీద పెట్టి, అంకె చూసి, "చాలమ్మా, ఆపు" అనేవాడు. సీతారత్నం గారు బుద్ధిగా ఆపేవారు. కంచం కాటా దిగి కోడలి ముందుకు రాగానే నాతో మారు వేసేవారు.

"అదేంటమ్మా!"

"కాటా మీద ఏసిందే లెక్కరా. ఇది మారు" అనేవారు ఆవిడ. అంత ధర్మంగా మోసం చేసేవాళ్ళను నేనింకెక్కడా చూడలేదు.

ఇలా ఉండగా జాకెట్టు పట్టుకెళ్ళడానికి వచ్చిన ఒకావిడ కుసుమను ఎగాదిగా చూసి, "ఏం టైలరమ్మా, మా గుడ్డల్లో మిగిలిందంతా కలిపినా ఇప్పుడు నీ జాకెట్టుకి చాలదేమో!" అని నవ్వింది. కుసుమ కూడా నవ్వింది. మిషను మాత్రం ఆ పూటంతా తిరగలేదు.

తర్వాత కొన్నాళ్ళకు కుసుమ తిండి తగ్గింది. నేను మొదటిసారి వడ్డించగానే చెయ్యి అడ్డం పెట్టి, "చాలత్తయ్యా" అనేది. బతిమాలి వేస్తే ఆ మారు అన్నం కంచంలో అలాగే ఉండిపోయేది. ఇంట్లో ఎంత సంబరం! సూరిబాబు తన కాటా గొప్పతనమన్నాడు. సీతారత్నం గారు తను మొక్కిన మొక్కు ఫలితమన్నారు. కుసుమ మొహం సన్నబడుతుంటే ఇద్దరూ పోటీ పడి మురిసిపోయారు. నేనూ మామూలుగానే వడ్డిస్తూ పోయాను.

ఒక మధ్యాహ్నం సీతారత్నం గారు నన్ను అన్నం గిన్నెలో పెట్టి ఎత్తబోతుంటే, కుసుమ కంచం ముందునుంచి వెనక్కి జరిగిపోయింది. నా వంక చూస్తోంది.

"దాన్ని తియ్యండత్తయ్యా."

"దేన్నే?"

"ఆ హస్తాన్ని. ఎంత తింటావే బండదానా అంటోంది. ఇందాకట్నించీ తిడతానే ఉంది."

నేను ఏమీ అనలేదు. పుట్టిన దగ్గర్నుంచీ ఏ మనిషితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. ఇప్పుడు మీతో చెప్పుకుంటున్నదే మొదలు. అలాంటిది, నా చేతి అన్నం తిన్న పిల్లకు నా గొంతుతో తిట్లు వినిపించాయి. నేను చలించిన చోటు ఇదే. కాదమ్మా, నేను కాదు అని చెప్పాలని ఎంత అనిపించినా నాకు నోరు లేదు. ఉన్నా, ఆ సమయంలో నేను నోరు విప్పితే ఇంకా ప్రమాదం.

సీతారత్నం గారు నన్ను కొంగు కింద దాచేశారు. కోడలి పక్కన కూర్చుని, వీపు నిమిరారు. తర్వాత నెమ్మదిగా అడిగారు.

"మాత్ర ఏసుకుంటన్నావా తల్లీ?"

కుసుమ తల అడ్డంగా ఊపింది. "ఒళ్ళొచ్చేత్తందని మానేశానత్తయ్యా. ఆకలి పోయింది. బాగానే ఉందనుకున్నా."

మేమందరం మురిసిపోయిన సన్నదనం అది. సూరిబాబు ఆ సాయంత్రమే కుసుమను భీమవరం తీసుకెళ్ళాడు. చిన్న కాటాను అటక మీద పెట్టేసి వెళ్ళాడు.

మళ్ళీ నిలదొక్కుకోవడానికి కుసుమకు చాలా రోజులు పట్టింది. డాక్టరమ్మ కోప్పడలేదట. "ఆకలి సంగతి నాతో చెబితే ఏం చెయ్యాలో ఇద్దరం చూసుకునేవాళ్ళం కదమ్మా. కుదుటపడ్డాక మందు మార్చే సంగతి నెమ్మదిగా చూద్దాం. నీ అంతట నువ్వు మానకు. ఈలోగా అన్నం తగ్గించి కూర పెంచు, కాస్త నడువు" అందట. మందు మళ్ళీ మొదలైంది, దాంతోపాటు ఆకలీ వచ్చింది.

"ఇంకేదారీ లేదా?" అని సీతారత్నం గారు బాధపడ్డారు.

"ఆకలైతే ఆకలని తెలుత్తదత్తయ్యా," అంది కుసుమ. "ఆ గొంతులు వచ్చినప్పుడు అవి అబద్ధమని కూడా తెలవదు. నేను ఆకలితోనే ఏగుతాను. మీరు మాత్రం మారు మానండి."

సీతారత్నం గారి మొహం చిన్నబోయింది. "ఒంటి వడ్డన నా చేత్తో ఎలా వడ్డించనే? నువ్వు నాకు కానిదానివా?"

కుసుమ లేచి ముందు గదికి వెళ్ళి, గుడ్డ మీద గీతలు గీసే సుద్ద తెచ్చింది. నన్ను బల్లమీద పెట్టి, వెడల్పులో సగానికి ఒక వంపు గీత గీసింది.

"జాకెట్టు బిగుతైతే వదులు చేత్తాం, వదులైతే లోపలికి పడతాం. దీన్ని లోపలికి పట్టలేమా? అప్పుడు మీరు రెండుసార్లు ఏసినా ఒకసారి ఏసినంతే."

"నా సారె హస్తాన్ని కోయిత్తావా!" అన్నారు సీతారత్నం గారు. కళ్ళనిండా నీళ్ళొచ్చాయి. గీత వంక చూశారు, కోడలి వంక చూశారు. ఆఖరికి నన్ను సూరిబాబు చేతిలో పెట్టి, "కాడ జోలికి పోవద్దని ఇత్తడి పనోడికి చెప్పరా. నా పేరుంది" అన్నారు.

నన్నెవరూ అడగలేదు. సుద్దగీత వెంబడే కోసి, అంచు గుచ్చుకోకుండా అరగదీశారు. పుట్టినప్పటికన్నా తక్కువే నొప్పి పుట్టింది. తెగిన ముక్కను కుసుమ పారెయ్యలేదు. గుడ్డ కత్తిరించేటప్పుడు జరగకుండా బరువుగా పెట్టుకుంటోంది. అలా సగం నేను మిషను పక్కన, సగం వంటింట్లో బతుకుతున్నాను.

ఇప్పుడు నన్ను ఎవరూ అరువడగరు. ఇంత చిన్న హస్తంతో పెళ్ళిలో వడ్డిస్తే పెళ్ళివారు లేచిపోతారు. కుసుమ మరీ సన్నబడలేదు. జాకెట్లకు మళ్ళీ లోపల కాస్త కుట్టు వదులుతోంది, అంతే. ఆకలి ఇంకా వస్తుంది. కొన్ని పూటలు గిన్నె వైపు చూసి, చూపు తిప్పుకుని, లేచి నడవడానికి వెళ్ళిపోతుంది.

భోజనాల దగ్గర మాత్రం ఒక కొత్త ఆచారం వచ్చింది. సీతారత్నం గారు మొదటిసారి వడ్డించి, నన్ను గాలిలోనే ఆపి కోడలి మొహం చూస్తారు.

"ఏవన్నా అంటందా?"

కుసుమ నా వంక ఒక్క క్షణం చెవి ఒగ్గి వింటుంది. ఆ క్షణంలో ఆవిడా, సూరిబాబూ, నేనూ, ముగ్గురమూ ఊపిరి బిగపట్టి ఉంటాము.

"ఏమీ అన్లేదత్తయ్యా."

అప్పుడు సీతారత్నం గారు మారు వేస్తారు.