నయమైన మనిషి

మాస్టారు ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చేసరికి స్నానాల గది తలుపుకు లోపలి గడియ లేదు. అది ఉన్నచోట మేకుల కన్నాలు మిగిలాయి. వాటిని వేలితో తడిమి చూసి, తలుపు దగ్గరగా వేసుకుని నీళ్ళు పోసుకున్నాడు. బయట భార్య నిలబడి ఉంది. నీళ్ళ చప్పుడు ఆగినప్పుడల్లా "ఏవండీ" అంటోంది. ఆయన "ఆఁ" అంటున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన ఏం చేస్తున్నాడో ఆమె అంత శ్రద్ధగా కనుక్కోవడం అదే మొదలు.

గడ్డం గీసుకునే బ్లేళ్ళు కూడా కనపడలేదు. వంటింట్లో కత్తిపీట బియ్యం డబ్బా వెనక్కి చేరింది. మాత్ర వేసుకున్నాక భార్య "ఏదీ, నోరు తెరవండి" అనేది. జీవితమంతా కత్తి పట్టుకుని బతికిన మనిషి చంటిపిల్లాడిలా నోరు తెరిచి నాలుక చూపించేవాడు.

మాస్టారంటే బడిపంతులు కాదు. చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టరు. పొడవాటి టేబుల్ మీద బట్టని పొరలు పొరలుగా పరిచి, పై పొర మీద సుద్దతో గీసిన గీత వెంట కరెంటు కత్తి నడిపించడం ఆయన పని. కత్తి కాస్త పక్కకి జరిగితే కింద ఉన్న పొరలన్నీ ఒకేసారి పాడైపోతాయి. అందుకే ఆ టేబుల్ దగ్గర ఎవరూ గట్టిగా తుమ్మరు కూడా. ఆయన చెయ్యి తప్పిందని ఆ ఫ్యాక్టరీలో ఎవరూ ఎప్పుడూ వినలేదు.

ఆ ఫ్యాక్టరీకి మేనేజరు స్వయానా ఆయన బావమరిదే. వాడు పని లేక తిరుగుతున్న రోజుల్లో మాస్టారే యజమాని కాళ్ళావేళ్ళా పడి వాణ్ణి గుమాస్తాగా పెట్టించాడు. నోరున్నవాడు కాబట్టి చకచకా పైకెక్కాడు. రెండో కటింగ్ మాస్టరు మానేసినప్పుడు వాడు కొత్తవాణ్ణి వెతకలేదు. "ఈ ఒక్క ఆర్డరూ కానిచ్చెయ్యండి బావా, తర్వాత చూద్దాం" అన్నాడు. తర్వాత ఇంకో ఆర్డరు వచ్చింది. అదీ ఒక్క ఆర్డరే. మాస్టారికి నోట్లో నాలుక లేదు. ఇద్దరి పనీ ఒక్కడే చేస్తూ వచ్చాడు. ముందు నిద్ర పోయింది, తర్వాత ఆకలి పోయింది. కళ్ళు మూసుకుంటే సుద్దగీతలు పురుగుల్లా పాకేవి.

ఒక రోజు పొద్దున ఆయన మిషన్ స్విచ్ వేసి, కత్తిని గీత దాకా తెచ్చి ఆగిపోయాడు. గీత ఒకటి కాస్తా రెండయింది. రెండూ కదులుతున్నాయి. మెల్లగా వంగి టేబుల్ కిందికి దూరాడు. సుద్దముక్క పడిపోయిందేమోనని అంతా అనుకున్నారు. ఎంతకీ లేవకపోయేసరికి తొంగి చూస్తే, మోకాళ్ళు కావలించుకుని వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. పక్కన బట్ట పరిచే అమ్మాయి, ఆయన దగ్గరే పని నేర్చుకుంటున్న పిల్ల, మిషన్ ఆపి తనూ టేబుల్ కిందికి దూరి ఆయన చెయ్యి పట్టుకుని పక్కన కూర్చుంది. చేతివాటం చూసి ఆ అమ్మాయిని అందరూ మెరుపు అనేవాళ్ళు. మనుషులొచ్చి ఆయన్ని బయటికి లాగేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

బావమరిది తన కార్లోనే ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. అప్పటినుంచీ ఇంటికి ఎవరొచ్చినా ఆ కారు కథే. "మా బావది సున్నితమైన మనసండీ. తట్టుకోలేకపోయారు. సమయానికి నేనున్నాను కాబట్టి సరిపోయింది" అని వాడు, మాస్టారు ఎదురుగా కూర్చునుండగానే, చెప్పేవాడు. భార్య కొంగుతో కళ్ళొత్తుకునేది. వచ్చినవాళ్ళు మాస్టారికి చెవుడున్నట్టు గట్టిగా, మాట మాటా విడదీసి "ఎ-లా ఉం-ది?" అని అడిగేవాళ్ళు.

ఒకసారి ఆయన ఉండబట్టలేక భార్యతో అన్నాడు. "ఇద్దరి పని నా నెత్తిన వేసింది వాడేగా?"

భార్య ఆయన వంక కాసేపు భయంగా చూసింది. "మిమ్మల్ని సొంత అన్నలా చూసుకుంటున్నవాణ్ణి పట్టుకుని ఏం మాటలండీ అవి!" అంది. పక్కగదిలోకి వెళ్ళి డాక్టరుకి ఫోన్ చేసింది. "అనుమానాలు మొదలయ్యాయి డాక్టరుగారూ. మాత్ర ఏమైనా పెంచాలా?" అనడం గోడ ఇవతలికి స్పష్టంగా వినిపించింది. ఆ తర్వాత మాస్టారు ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు.

డాక్టరు మాత్ర పెంచలేదు సరికదా, పనికి వెళ్ళొచ్చన్నాడు. బావమరిది పెద్దమనసు చేసుకుని దారాల గదిలో కుర్చీ వేయించాడు. కుట్టిన చొక్కాలకు వేలాడే పోగులు కత్తిరించే పని. "హాయిగా కూర్చుని చేసుకోవచ్చు బావా. టెన్షనే ఉండదు." చేతిలో పెట్టిన కత్తెరకు మొన గుండ్రంగా ఉంది. బడిపిల్లలు రంగుకాయితాలు కత్తిరించుకునే కత్తెర.

ఆ గది గోడకున్న అద్దం అవతల కటింగ్ టేబుల్ కనిపించేది. దాని దగ్గర ఇప్పుడు మెరుపు ఉంది. మొదటిరోజు వచ్చి "బాగున్నారా మాస్టారూ?" అని అడిగి, జవాబు వినకుండానే వెళ్ళిపోయింది. ఆయనకు ఒళ్ళు మండింది. తను నేర్పిన పని, తన టేబుల్. ఆ పిల్ల ఎక్కడైనా తప్పు చేస్తుందేమోనని కొన్నాళ్ళు అద్దంలోంచి కాచుక్కూర్చున్నాడు. ఆ ఆశకు సిగ్గుపడ్డాడు కూడా. అయినా చూడటం మానలేదు.

అలా చూస్తుండగానే మిగతావి కనిపించాయి. ఆ అమ్మాయి టిఫిన్ డబ్బా తెచ్చింది తెచ్చినట్టే తీసుకెళ్తోంది. గీసిన గీత మీదే మళ్ళీ సుద్ద పెట్టి గీస్తోంది, చెరిపి మళ్ళీ గీస్తోంది. ఎవరైనా వెనకనుంచి పిలిస్తే ఉలిక్కిపడుతోంది. సాయంత్రం బెల్లు మోగాక అందరూ వెళ్తున్నా తను కదలడం లేదు. ఆ దారి ఎక్కడికి పోతుందో మాస్టారికి తెలుసు. తను నడిచివచ్చిన దారే.

బావమరిది గదిలోకి వెళ్ళి చెప్పాడు. "ఆ పిల్లకి ఒంట్లో బాగోలేదు. ఇంకో మనిషిని పెట్టు."

వాడు నవ్వాడు. "బావా, ఇప్పుడు మీ కంటికి అందరూ రోగుల్లాగే కనిపిస్తారు. డాక్టరు ముందే చెప్పాడు. మాత్రలు వేసుకుంటున్నారా?"

"వేసుకుంటున్నాను."

"అక్కనోసారి అడుగుతాలెండి."

ఇక నేరుగా ఆ అమ్మాయికే చెప్పాడు. కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటుంటే వెళ్ళి, "నిద్ర పడుతోందా అమ్మా?" అని అడిగాడు.

మెరుపు మొహం ఎర్రబడింది. "ఎందుకడుగుతున్నారు?"

"నాకూ ఇలాగే మొదలైంది. కొన్నాళ్ళు సెలవు పెట్టు."

"సెలవు పెడితే మళ్ళీ టేబుల్ మీకిస్తారనా?" అంది. అన్నాక గొంతు తగ్గించింది కానీ మాట మార్చలేదు. "నన్ను మీతో కలపకండి మాస్టారూ. నాకేం పిచ్చి లేదు."

కుళాయి దగ్గరున్నవాళ్ళు తల దించుకుని సీసాలు నింపుకున్నారు. మాస్టారు వెళ్ళి తన కుర్చీలో కూర్చుని పోగులు కత్తిరించాడు. ఆ మాట గుండెలో గుచ్చుకున్నది అబద్ధమైనందుకు కాదు. అందులో కాస్త నిజం ఉన్నందుకు. ఆ కోపంతోనే మళ్ళీ ఆ అమ్మాయిని పలకరించలేదు. అద్దం వైపు వీపు పెట్టి కూర్చున్నాడు.

అందుకే అది మొదలైనప్పుడు ఆయన చూడలేదు. మిషన్ చప్పుడు మలుపుల్లేకుండా ఒకటే శ్రుతిలో సాగుతుంటే వెనక్కి తిరిగాడు. మెరుపు కత్తిని గీతలన్నీ దాటించి, టేబుల్ ఈ చివర్నుంచి ఆ చివరికి తిన్నగా నడిపించుకుంటూ పోతోంది. చివరికి చేరాక స్విచ్ ఆపింది. రెండుగా చీలిన బట్టని ఓపిగ్గా మడతపెట్టడం మొదలుపెట్టింది. ఎవరు పిలిచినా పలకలేదు. చేతులు పట్టుకుంటే నేలమీద కూలబడి, పట్టుకున్నవాళ్ళ మొహాల్లోకి ఎవరో తెలియనట్టు చూసింది.

బావమరిది పరుగెత్తుకొచ్చి ముందు టేబుల్ వైపు చూశాడు. "అయ్యయ్యో, ఎంత బట్ట!" అన్నాడు. తర్వాత కిందికి చూశాడు. తర్వాత కారు తెమ్మన్నాడు.

అమ్మాయిని ఎక్కించి, తలుపు వేయబోతూ మాస్టారి భుజం మీద చెయ్యేశాడు. "బావా, టేబుల్ మీరు చూసుకోండి. మీరు తప్ప ఎవరున్నారు?"

ఆ రోజు పొద్దునే ఇంట్లో బ్లేడు అడిగితే ఇవ్వలేదు. మంగలి దగ్గరికి వెళ్ళమన్నారు. మధ్యాహ్నానికల్లా ఆయన పూర్తిగా నయమైపోయాడు. చేతికి ఇనుప తొడుగు తొడుక్కుని, కొత్త బట్ట పరిపించి, కత్తి పట్టుకున్నాడు. వద్దనాలని మనసులో ఉంది. కానీ చేతికి సిగ్గు లేదు, గీత పట్టుకుని జారిపోయింది. చాలా రోజుల తర్వాత ఆ చేతికి హాయిగా అనిపించింది. ఆ హాయికి ఆయన తనను తాను క్షమించుకోలేకపోయాడు.

సాయంత్రం బెల్లు మోగింది. స్విచ్ ఆపి తొడుగు తీసేశాడు.

"అదేంటి బావా, సగంలో ఉందిగా! ఈ ఒక్క ఆర్డరూ..."

"రేపొస్తా."

"మళ్ళీ ఒంట్లో బాగోలేదా?"

"బాగుంది కాబట్టే వెళ్తున్నా" అని చెప్పులేసుకున్నాడు.

ఇంటికెళ్ళకుండా ఆస్పత్రికి వెళ్ళాడు. ఆడవాళ్ళ వార్డులో మెరుపు మంచం పక్కన తల్లి స్టూలు మీద కూర్చునుంది. ఆయన్ని చూసి లేచి దణ్ణం పెట్టింది. "మేనేజరుగారు దేవుడిలా వచ్చారు బాబూ. సొంత కార్లో తీసుకొచ్చారు. లేకపోతే నా బిడ్డ ఏమైపోయేదో!"

మాస్టారు మంచం దగ్గరికి జరిగాడు. మెరుపు కళ్ళు తెరిచే ఉంది.

"నేను ఇంకాస్త గట్టిగా చెప్పాల్సింది" అన్నాడు ఆయన.

"చెప్పారుగా" అంది ఆ అమ్మాయి. మాత్రల మత్తులో మాట ముద్దముద్దగా వచ్చింది. "మీ మాట ఎవరు వింటారు?" దెప్పుతున్నట్టు లేదు, ఉన్నమాట చెప్తున్నట్టు ఉంది. మళ్ళీ తనే అడిగింది. "టేబుల్ దగ్గర ఎవరు?"

"నేనే."

మెరుపు గోడవైపు తిరిగి పడుకుంది. ఎంతసేపు కూర్చున్నా ఇటు తిరగలేదు.

గుమ్మం దాకా వచ్చిన తల్లి గొంతు తగ్గించి అడిగింది. "మీరు బాగయ్యారుగా బాబూ. దీనికెన్నాళ్ళు పడుతుంది?"

"జబ్బు తొందరగానే తగ్గుతుందమ్మా. తగ్గిందని చుట్టూ ఉన్నవాళ్ళు నమ్మాలి. దానికే చాలా కాలం పడుతుంది."

ఆవిడకి అర్థం కాలేదు. అయినా తలూపింది.

మెరుపు కోలుకుంది కానీ ఆ ఫ్యాక్టరీ గుమ్మం మళ్ళీ తొక్కలేదు. దారిలో ఎదురైనా మాస్టారికి మొహం చాటేస్తుంది. ఆయన టేబుల్ దగ్గరే ఉన్నాడు. బెల్లు మోగగానే స్విచ్ ఆపి ఇంటికి పోతాడు, ఎవరెంత చెప్పినా ఆగడు. రెండో మనిషిని పెట్టక బావమరిదికి తప్పలేదు. ఆ మంట వాడికింకా చల్లారలేదు. ఎవరడిగినా నిట్టూర్చి, "పైకి బాగానే కనిపిస్తారండీ మా బావ. కానీ పూర్తిగా తగ్గలేదు" అంటాడు.

ఆ మాట విన్నప్పుడల్లా మాస్టారి భార్య అవునన్నట్టు తలూపుతుంది.