బోల్టు మీద ఎర్రటి మరక

రైఫిల్ బోల్టు వెనక్కి లాగి లోపల వేలు పెట్టి తీసేసరికి, సంజన వేలి కొనకు నెత్తురులాంటి ఎరుపు అంటుకుని ఉంది.

ముందు వేలు తెగిందనుకుంది. తుడిచి చూసుకుంది. ఎక్కడా గాటు లేదు. మళ్లీ పెట్టింది. మళ్లీ ఎరుపే. మసితో కలిసి జిగటగా సాగుతోంది.

శనివారం మధ్యాహ్నం. అశోక్‌నగర్‌లో మూడో అంతస్తు ఫ్లాటు. మ్యాగజైన్ తీసి, లోపల తూటా లేదని రూఢి చేసుకున్నాకే హాల్లో పాత దుప్పటి పరిచి కూర్చుంది సంజన. అది పాయింట్ టూ టూ సెమీ ఆటోమేటిక్. ఒక తూటా పేలగానే ఖాళీ తొడుగును బయటికి విసిరి, తర్వాతి తూటాను తనంతట తానే ఎక్కించుకోవాలి. దసరా తర్వాత జరిగిన క్లబ్ పోటీలో మాత్రం ఆ పని సగంలో వదిలేసి మాటిమాటికీ ఇరుక్కుపోయింది. సంజన చివరి స్థానంలో నిలిచింది.

“తప్పు తుపాకిదా, నీదా తేల్చుకొని రా,” అన్నాడు కోచ్ సుధీంద్ర. “ఆదివారం ఇంకో చాన్స్ ఇస్తున్న. మళ్లీ ఆగిందంటే టీమ్‌ల నీ జాగ ఇంకొకరికి పోతది.”

ఆ ఆదివారం రేపే.

గొట్టం శుభ్రం చేయడం ఆమెకు కొత్త కాదు. పూర్తిగా విప్పడమే ఇన్నాళ్లూ వాయిదా వేస్తూ వచ్చింది. ఈ రకం తూటాలకు మైనం పూత, మురికి మందు. పేలిన ప్రతిసారీ ఆ మసి వెనక్కి కొట్టి బోల్టు చుట్టూ పేరుకుంటుంది. దాన్ని గీకాలంటే స్క్రూ విప్పాలి, పిన్నులు తొయ్యాలి, ట్రిగ్గర్ భాగం ఊడదీయాలి. ఊడిరావడానికి అన్నీ సిద్ధమే. తిరిగి కూర్చోమంటేనే మొండికేస్తాయి.

ఒక పిన్ను సోఫా కిందికి దొర్లింది. టార్చి వేసి వెతికి తెచ్చింది. ఈలోగా బోల్టు స్ప్రింగు చేతిలోంచి ఎగిరి షోకేసు అద్దానికి ఠంగున తగిలింది.

“అద్దం పగిలితే నీ మెడల్స్ యాడ పెడతవే?” వంటింట్లోంచి పద్మ అరిచింది.

“ఉన్నది ఒక్క మెడలే కదా మమ్మీ. ఫ్రిజ్ మీద పెడత.”

సోఫాలో పేపరు చదువుకుంటున్న తండ్రి ఉమాకాంత్ నవ్వలేదు. నారాయణగూడలో ఓ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాడాయన. మామూలుగా అయితే స్ప్రింగు ఎగిరినందుకు ఓ పాఠమే చెప్పేవాడు. ఇవాళ పేపరు దించలేదు.

సంజన మసిని కరిగించే సాల్వెంటులో ముంచిన బ్రష్‌తో బోల్టును తోమింది. ఇయర్ బడ్స్ డబ్బా సగం ఖాళీ అయింది. ఒక మూల తెల్లబడితే ఇంకో మూలలోంచి నల్లగా కారుతుంది. ఆ నలుపులో ఎరుపు చారలు. గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుంది. సాల్వెంటు ఘాటు వెనకాల ఇంకో వాసన ఉంది. నువ్వుల నూనె. ఈ ఇంట్లో ఆ నూనె దీపానికి తప్ప వాడరు.

“మమ్మీ, ఒక్కసారి ఇటు రా.”

పద్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. తుపాకీ విప్పి ముక్కలుగా పడి ఉన్నా దానికి దూరంగానే ఉంటుందామె.

“ఇది కుంకుమ. దీపం నూనెల కలిపి పెట్టిన్రు. తుపాకి పెట్టే లాకర్ రెండో తాళంచెవి నీ గుత్తికే ఉంటది. చెప్పు, దసరాకు పూజ చేసినవా దీనికి?”

“నేనా? నీ తుపాకి దిక్కు చూస్తెనే నాకు గుండె దడ.”

“మరి ఎవరు? చిక్కడపల్లి గుడిల పంతులుగారొచ్చి లాకర్ తెరిచిండా?”

పద్మ మెడ చాచి గుడ్డ వంక చూసింది. “ఏ జాగల ఉండె?”

“లోపల. బోల్టు సందుల.”

“ఇగో, నన్నంటున్నవ్ గానీ జర ఆలోచించు. బొట్టు నుదుట పెడతరా, నోట్ల పెడతరా? ఇది పూజ తెల్సిన చెయ్యి కాదే. పుట్టినకాడికెల్లి ఒక్క అగరుబత్తి వెలిగించనోడు చేసిన పని.”

అలాంటి మనిషి ఆ ఇంట్లో ఒక్కడే. కొత్త స్కూటర్ కొన్నప్పుడు చక్రాల కింద నిమ్మకాయలు పెడితే, వాటిని తీసి సాయంత్రం షర్బత్ చేయించుకున్న మనిషి.

తల్లీకూతుళ్లు ఒకేసారి పేపరు వైపు తిరిగారు. పేపరు కదల్లేదు. పేజీ కూడా చాలాసేపట్నుంచీ మారలేదు.

సంజన మళ్లీ పనిలో పడింది. బోల్టు తుడిచి రెండు చుక్కల గన్ ఆయిల్ వేసింది. స్ప్రింగు ఇంకోసారి ఎగిరింది. పళ్లు బిగించి మళ్లీ ఎక్కించింది. పిన్నులు దిగాయి, స్క్రూ బిగిసింది. బోల్టు వెనక్కి లాగి వదిలింది. ఎక్కడా తట్టుకోకుండా ఠక్కున ముందుకొచ్చి కూర్చుంది.

ఆ చప్పుడుకు పేపరు కిందికి దిగింది.

“నేనే పెట్టిన,” అన్నాడు ఉమాకాంత్. “దసరా నాడు మీరిద్దరు జమ్మికి పోయిన్రు. మీ మమ్మీ స్కూటర్‌కు బొట్టు పెట్టింది, మిక్సీకి పెట్టింది, ఆఖరికి నా స్క్రూడ్రైవర్‌కు గూడ పెట్టింది. నీ తుపాకి ఒక్కటే ఉత్తగ ఉండె. ముందట నీ పోటీ ఉండె. ఒక్కసారి పెడితే ఏం పోతది అనుకున్న. బయట పెడితే నువ్వు చూసి నవ్వుతవని లోపల పెట్టిన. పొడి రాలిపోతదని నూనె పోసిన, జర ఎక్కువనే పోసిన. నువ్వు ఓడిపోయొచ్చి, ‘నాకే చేతకాలే డాడీ’ అని ఏడ్సినవ్ చూడు, ఆ దినమే చెప్పాల్సింది. నోరు రాలే. నీ తప్పేం లేదు బిడ్డా, ఆ జిగటకే బోల్టు ఇరుక్కున్నది. పొద్దున నేనే వచ్చి మీ సుధీంద్ర సార్‌కు చెప్త. గానీ ఈ ముచ్చట మా కాలేజీ దాక పోనియ్యకు.”