స్కూటీలో నరసింహస్వామి

దేవుడి గదిలో నిలబడి సత్యవ్వ ఆ మాట అన్నప్పుడు, రాజలింగం అదేదో చాదస్తమనుకున్నాడు.

"దినాం గదే జాగ, గదే మొకం. దండం పెడ్తుంటే మనసుల కూరగాయలే మెదుల్తున్నయ్. స్వామిని ఏడ్నన్న దాయి. దేవులాడి మొక్కుత."

సిరిసిల్లలో ముప్పై ఏళ్లు మరమగ్గాల మీద పనిచేసి, ఇప్పుడు కోరుట్లలో ఖాళీగా కూర్చున్న మనిషి రాజలింగం. అతనికి భక్తి పెద్దగా లేదు గానీ, పని దొరికింది. రోజూ పొద్దున భార్య స్నానానికి వెళ్లగానే బొటనవేలంత ఇత్తడి నరసింహస్వామిని దాచేవాడు. ఒకరోజు బియ్యం డబ్బాలో, ఇంకోరోజు వాషింగ్ మెషీన్లో. సత్యవ్వ తడి జుట్టుతో ఇల్లంతా వెతికి, కనబడగానే "ఈడున్నవా తండ్రీ" అని ఒళ్లు జలదరించి నిలబడిపోయేది. తర్వాత టీ పెట్టేది.

పంతొమ్మిదో రోజు స్వామి దొరకలేదు.

"ఏడ దాచినవ్?"

రాజలింగం గోడ వైపు చూశాడు. "యాదికి వస్తలేదే."

తిడుతుందనుకున్నాడు. ఆమె తిట్టలేదు. లోపల ఉన్నాడేమోనని పప్పు డబ్బాకు దండం పెట్టి మూత తీసింది. మర్నాటికి ఫ్రిజ్‌కు బొట్టు పెట్టింది. అతను ఏ కుర్చీలో కూర్చోబోయినా "ఆగు, స్వామి ఉన్నడేమో" అనేది. మూడో రోజు రాజలింగం నిలబడే అన్నం తిన్నాడు.

నాలుగో రోజు ఇక తట్టుకోలేకపోయాడు. జగిత్యాలలో అలాంటిదే ఇంకో విగ్రహం కొని, ఏదో డబ్బాలో వేద్దామని, చెప్పకుండా స్కూటీ తీశాడు. ఊరి చివర పెట్రోల్ బంకులో ఆగి సీటు ఎత్తాడు.

తుడిచే గుడ్డ మీద నరసింహస్వామి ఉన్నాడు.

ఆ రోజు సత్యవ్వ స్నానం తొందరగా ముగియడంతో హడావిడిలో అక్కడ పడేసిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. నాలుగు రోజులుగా క్షవరానికీ, చింతపండుకూ, మెట్‌పల్లిలో పెళ్లికీ స్వామి తనతోనే తిరిగాడు. సీటు మీద తను, సీటు కింద ఆయన. రాజలింగం చేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి. రెండు చేతులూ వాటంతటవే కలిశాయి.

"ఎంత కొట్టాలె?" అని పెట్రోల్ పోసేవాడు అడిగాడు. రాజలింగం కలిపిన చేతులు దించలేదు.

వెనక హారన్లు మోగాయి. ఒక ట్రాక్టర్ డ్రైవర్ కోపంగా వచ్చి, స్కూటీలోకి తొంగిచూసి, ఏమీ అడగకుండా చెప్పులు విడిచాడు. కాసేపటికి లైను మొత్తం చెప్పుల్లేకుండా నిలబడింది. చివరివాళ్లు ఎందుకని అడిగితే, "ముందైతే మొక్కు" అన్నారు ముందువాళ్లు.

రాజలింగం జగిత్యాల పోలేదు. ఇంటికొచ్చి విగ్రహాన్ని సత్యవ్వ చేతిలో పెట్టి జరిగింది చెప్పాడు.

"రేపటి సంది నువ్వు దాయి. నేను దేవులాడ్త."

"గిదేం ముచ్చట? దేవులాడుడు నాది."

పొద్దు గూకేదాకా వాదులాడుకుని, చివరికి రోజు విడిచి రోజు అనుకున్నారు.

మర్నాడు రాజలింగం రెండు చెంబులు గుమ్మరించుకుని, నీళ్లు కారుతుండగానే బయటికొచ్చాడు.

"దాచినవా?"

"ఇంక దాయలె. లోపటికి వో."

అతను తలుపేసుకుని ఇంకో రెండు చెంబులు పోసుకున్నాడు.