సమోసాలను మాయం చేసిన కమాండ్

హిమజ వేలు ఎంటర్ బటన్ మీద ఉంది. చెవి దగ్గర ఫోను, ఫోనులో కామరాజు గారు.

"అమ్మా హిమజా, జనం నా పీక మీద కూర్చున్నారమ్మా! రిపోర్టు ఒక్కటీ రావట్లేదు. ఇంకాసేపట్లో ఆపరేషను ఉన్నాయన కూడా ఇక్కడే నిలబడ్డాడు. ఏదో ఒకటి చెయ్యి తల్లీ!"

కామరాజు గారిది బన్సీలాల్‌పేటలో రక్తపరీక్షల ల్యాబు. అక్కడి కంప్యూటర్లను తిరుమలగిరిలోని ఓ చిన్న కంపెనీ చూసుకుంటుంది. హిమజ అందులో చేరి ఇంకా ఏడాది కాలేదు. ల్యాబు సర్వర్లో డిస్కు గొంతు దాకా నిండిపోయి, బ్యాకప్ సైతం ఆగిపోయింది. 'టెంప్' అనే పేరుతో మొదలయ్యే చిత్తు ఫైళ్లు గుట్టలుగా పడి ఉన్నాయి. వాటిని ఊడ్చేస్తే డిస్కుకు ఊపిరాడుతుంది. అందుకని కమాండ్లు కొట్టే నల్లటి టెర్మినల్ తెర మీద 'ఆర్‌ఎం' అని కొట్టింది. 'టెంప్' అని కొట్టింది. ఆ పేరుతో మొదలయ్యేవన్నీ అని చెప్పే నక్షత్రం గుర్తూ కొట్టింది. ఆర్‌ఎం అంటే చెరిపెయ్యమని. దానికి జాలీ లేదు, చెత్తబుట్టా లేదు. పోయిందంటే పోయిందే.

ఇక నొక్కడమే తరువాయి. సరిగ్గా అప్పుడు గుర్తొచ్చాయి సమోసాలు.

ఆ సమోసాలు జకర్యా సారువి. లాలాగూడ రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగి, హిమజకు పని నేర్పి, ఈమధ్యే రిటైరైన పెద్దమనిషి. సిగ్నల్ కనబడగానే ఇంజిన్ డ్రైవరూ అసిస్టెంటూ దాని రంగును ఒకరికొకరు గట్టిగా చెప్పుకుంటారు కదా, డ్రైవరైన ఆయన తండ్రి అలా చెప్పీ చెప్పీ ఇంట్లో కూర రంగు కూడా వీధి వినేలా అరిచేవాడట. ఆ అలవాటునే సారు ఆఫీసుకు పట్టుకొచ్చారు.

"బిడ్డా, ఆర్‌ఎం కొట్టేముందు ఎల్‌ఎస్ కొట్టు. అది ఫైళ్లను ఉత్తగ చూపిస్తది, ముట్టుకోదు. చూసినంక పై బాణం నొక్కితే అదే లైను మళ్లొస్తది. ఎల్‌ఎస్ తీసి ఆర్‌ఎం పెట్టు. మొత్తం పైకి చదువు. గప్పుడు నొక్కు."

"చూడకుండ కొడితే ఏమైతది సార్?"

"ఏమైతదా? మా పాత ఆఫీసుల ఒకడు గట్లనే కొట్టిండు. ముందుగాల ఫైళ్లు పోయినయ్. తర్వాత వాని కిందున్న కుర్చీ పోయింది. క్యాంటీన్ల వేడివేడి సమోసాలు ప్లేట్లతోని సహా మాయం! గా దినం సికింద్రాబాద్ స్టేషన్ల రైలు సుత దాని పేరు మర్చిపోయి, ప్లాట్‌ఫారం మీదనే ఏడ్చుకుంట నిలబడ్డది!"

ఆ రోజు ఆఫీసంతా పగలబడి నవ్వింది. అందరికన్నా ఎక్కువ నవ్వింది హిమజే.

ఇప్పుడు మాత్రం నవ్వు రాలేదు. వేలు వెనక్కి తీసి, ఆర్‌ఎం చెరిపి, ఎల్‌ఎస్ పెట్టి నొక్కింది.

రావలసినవి చిత్తు ఫైళ్లు. వచ్చినవి మనుషుల పేర్లు. పుష్పమ్మ షుగరు, బ్రహ్మచారి కిడ్నీ, యేసుదాసు గుండె... సగం బన్సీలాల్‌పేట తెర మీద బారులు తీరి పైకి పాకిపోయింది. హడావిడిలో టెంప్‌కూ నక్షత్రానికీ మధ్య ఒక ఖాళీ పడింది. అలా విడిగా నిలబడ్డ నక్షత్రానికి అర్థం ఒకటే: ఇక్కడున్నవన్నీ!

హిమజ పై బాణం నొక్కి, ఖాళీ తీసేసి, మళ్లీ చూసింది. ఈసారి అన్నీ చిత్తు ఫైళ్లే. ఎల్‌ఎస్ స్థానంలో ఆర్‌ఎం పెట్టి, తెర మీద వేలు పెట్టి, ఒక్కో అక్షరం పైకి చదివింది. అప్పుడు నొక్కింది.

"వచ్చేసిందమ్మా! ఆపరేషనాయన రిపోర్టే ముందొచ్చింది. చల్లగా ఉండు తల్లీ!" అన్నారు కామరాజు గారు.

ఆ దీవెన దారి తప్పి తన దగ్గరికి వచ్చిందనిపించింది హిమజకు. వెంటనే జకర్యా సారుకు ఫోను చేసింది. జరిగింది చెబుతూ ఏడ్చేసింది.

"మీరు చెప్పకుంటే ఏమైపోయేదాన్నో సార్."

"ఏందీ, ఏడుస్తున్నవా? నేను నవ్వనీకి చెప్పిన గని దండం పెట్టించుకోనీకి చెప్పిన్నా? సరే గని, ఆ పేర్లు ఎంతసేపు పాకినయ్?"

"ఒక్క క్షణం సార్."

"క్షణమా? ఛల్! గట్ల చెప్తే నీ తర్వాత వచ్చేటోళ్లకు యాదుంటదా? జెర గట్టిగ చెప్పు."

హిమజ కళ్లు తుడుచుకుంది.

"పొద్దుగూకేదాంక పాకినయ్ సార్. తెర దాటి, కిటికీల నుంచి దునికి, లైను కట్టి బన్సీలాల్‌పేట దిక్కు నడుసుకుంట పోయినయ్."

"శభాష్! మరి సమోసాలు?"

"సాయంత్రం నేనే తెస్తున్న సార్. వేడివేడియి."

"తే బిడ్డా. గని పొట్లం కట్టించుకునేముందు ఒకపారి లోపలికి తొంగి చూడు."