కోడలు మింగిన ముద్ద

పొద్దున్నే కోడలు జావ కాచి, చల్లార్చి, అత్త మంచం పక్కన పీట మీద పెట్టేది. లేచి కూర్చునేసరికే అత్తకి ఆయాసం వచ్చేసేది. వయసులో ఉన్నప్పటి నుంచి నూలు మిల్లులో పీల్చిన దూది ఆమె రొమ్ములో గూడు కట్టుకుంది. గుక్క మింగాలంటే ఒక్క క్షణం ఊపిరి బిగబట్టాలి. అదే ఆమె వల్ల అయ్యేది కాదు. ముద్ద గొంతు దిగేలోపే ఊపిరి లాక్కునేది, పొలమారేది. మొదట్లో ఎవరో తలుచుకుంటున్నారని నవ్వేవాళ్లు. నిమోనియా వచ్చి ఆసుపత్రిలో పడ్డాక నవ్వడం మానేశారు.

ఒక మధ్యాహ్నం అత్త ముద్ద నోట్లో పెట్టుకుని మింగలేక కూర్చుంది. ఎదురుగా కోడలు తన ముద్ద మింగింది. అది అత్త పొట్టలోకి వెచ్చగా దిగింది.

"కాస్త మెల్లిగా తిను, కాలుతోంది" అంది అత్త.

ఆనాటి నుంచి అత్త తిండి కూడా కోడలే తినేది. డాక్టరు విని, మంచిదే, గుడ్లు ఎక్కువ తినమని కోడలికి చెప్పి పంపాడు. పక్కింటావిడ కారం తగ్గించమంది. అత్త బుగ్గలు నిండాయి.

కొన్నాళ్లకి కోడలు నెల తప్పింది. తన కోసం వేరే పళ్లెం పెట్టుకుని తినేది. అయినా ఆకలి తీరేది కాదు. బిడ్డ ఎదగడం లేదని స్కానింగులో తేలింది. కొడుకు ఆ మాట తల్లికి చెప్పలేక చెప్పాడు.

అత్త కోడల్ని పిలిచింది. "నీ పళ్లెం కూడా నాకే వస్తోంది. తెలిసీ ఊరుకున్నాను. ఆ జావ ఇలా ఇవ్వు."

"వద్దత్తయ్యా, పొలమారుతుంది."

"పొలమారనీ."

గడ్డం రొమ్ముకి ఆనించి ఒక చెంచా మింగింది. దగ్గి దగ్గి కళ్లు తేలేసింది. తెరిపిన పడ్డాక కోడల్ని తినమంది. ఆ ముద్ద కోడలి కడుపులోనే నిలిచింది. అత్త తన నోటితో మింగిన పూట కోడలి తిండి కోడలికే దక్కుతుందని అలా తెలిసింది.

ముక్కులోంచి గొట్టం వేయిద్దామని కొడుకు బతిమాలాడు. గొట్టంతో పోస్తే తను మింగినట్టు కాదంది. ఒక్క పూట కూడా మానలేదు. తిన్నదాంట్లో కొంత పొట్టలోకి పోయేది, కొంత రొమ్ములోకి.

ఆడపిల్ల పుట్టింది, మంచి బరువుతో. అప్పటికే జ్వరంతో ఉన్న అత్త, మనవరాలిని ఒళ్లో పెట్టించుకుని చూసుకుంది. మర్నాడు పోయింది.

అంతా అయ్యాక పక్కింటావిడ పళ్లెం తెచ్చి కోడలి ముందు పెట్టింది. కోడలు ఒక్కో ముద్దా మింగి, ఎటు పోతుందోనని ఆగి చూసుకుంది. అన్నీ తనలోనే ఉండిపోయాయి. సగంలో పళ్లెం పక్కకి జరిపి చాలాసేపు ఏడ్చింది. తర్వాత, పిల్లకి పాలు పడాలి కనక, మిగతాది కూడా తినేసింది.