కరుణమ్మ గుల్లలగుట్ట

మొగల్తూరు దిగువన, ఉప్పుటేటి గట్టు మీద ఏసుపాదం ఇల్లు. ఇంటి వెనక చూరు ఎత్తున ఆల్చిప్పల గుల్లల గుట్ట. ఏట్లో ఒకదానికొకటి అంటుకుని పెరిగే ఆల్చిప్పల్ని ఏసుపాదం ఊడదీసి తెస్తే, భార్య కరుణమ్మ పీట వేసుక్కూర్చుని విప్పేది. మాంసం సంతకి, గుల్లలు పల్లంరాజు గారి సున్నం బట్టీకి. ఆ గట్టున అందరి పద్ధతీ అదే.

కరుణమ్మ పోయాక బట్టీ బండి వస్తే ఏసుపాదం ఖాళీగా తిప్పి పంపాడు. ఆమెది ఎడమచేతి వాటం. కత్తి దించినచోట పడే నొక్కు అందరి గుల్లల మీదా ఒకవైపు ఉంటే, ఆమె గుల్లల మీద అవతలివైపు ఉండేది. పొద్దున్నే గుట్ట పక్కన కూర్చుని, ఒక గుల్ల తీసుకుని ఆ నొక్కు తడుముతూ టీ తాగేవాడు. ఇంట్లో మాట్లాడ్డానికి ఇంకెవరూ లేరు.

ఈలోగా ఏట్లో ఆల్చిప్పలు కరువయ్యాయి. రొయ్యల చెరువులు వచ్చాక నీళ్లూ మడ్డిగా మారాయి.

నరసాపురంలో జువాలజీ చెప్పే ప్రసన్నకుమారి, పిల్లలకి కోసి చూపించడానికి ఆల్చిప్పలు కావాలని వచ్చింది. ఏరంతా వెతికితే ఒక్కటి దొరికింది. ఏసుపాదమే విప్పాడు.

“దీనికి తల ఏదమ్మా?”

“ఉండదండి. ఈ తెల్లటి కండ తలుపుకి గడియలాంటిది. దాని పక్కన కొట్టుకుంటుందే, అది గుండె. ఈ మడతలు మొప్పలు. రోజంతా ఏటినీళ్లు వీటితోనే వడగట్టి, నాచూ నలకా తిని, తేటనీళ్లు వదుల్తుంది.”

“తల లేకపోయినా గుండె ఉందన్నమాట. మా బట్టీ రాజుగారికి తిరగేసి పెట్టాడు లెండి దేవుడు.”

ఆమె నవ్వింది.

“మరి వీటికి పిల్లలెందుకు పుట్టట్లేదమ్మా?”

“పుడతాయండి. కంటికానవు. కొన్నాళ్లు నీళ్లలో తిరిగి, గట్టిగా ఉన్నదేదైనా చూసుకుని అంటుకుంటాయి. ఇక చచ్చేదాకా అక్కడే. బురదలో పడితే బతకవు. వాటికి పాత గుల్లలంటే మహా ఇష్టం. ఇక్కడివన్నీ ఏమయ్యాయండి?”

ఏసుపాదం ఇంటివైపు చూశాడు. తాతలనాటి నుంచీ ఏటి గుల్లలన్నీ బట్టీలో కాలి, ఊరి గోడలకి వెల్లగా, చెరువులకి సున్నంగా పోయాయి. మిగిలింది ఆ గుట్టే.

“ఎండలు ముదరకముందే ఆ గుల్లలు ఏట్లో వేసి చూడండి. పట్టుకుంటాయని మాత్రం మాటివ్వలేను,” అని ఆమె వెళ్లిపోయింది.

కొన్నాళ్లు గుట్ట చుట్టూ తిరిగాడు. తర్వాత ఒక పొద్దున టీ తాగకుండానే తట్ట నింపాడు. ఏటికీ ఇంటికీ తిరుగుతుంటే పల్లంరాజు గారు మోటార్‌సైకిలాపి చూశారు.

“ఏంటి ఏసుపాదం, నాకివ్వనన్నావు, ఏట్లో పారబోస్తున్నావా?”

“ఏటివేనండి రాజుగారూ.”

చివరి తట్టలోంచి ఒక గుల్ల తీసి జేబులో వేసుకున్నాడు. గట్టు దాకా వెళ్లాక అదీ తీసి విసిరేశాడు. ఆ సాయంత్రం సముద్రపు గాలి నేరుగా ఇంట్లోకి కొట్టింది. ఇన్నాళ్లూ దానికి గుట్ట అడ్డమని అప్పుడే తెలిసింది. పొద్దున్న టీ గ్లాసు పట్టుకుని ఎక్కడ కూర్చోవాలో తోచక నిలబడే తాగాడు.

వైశాఖంలో ఒకనాడు ఆటుకి నీళ్లు తీశాక, మోకాలిలోతు బురదలో దిగి తడిమి ఒక గుల్ల పైకి తీశాడు. నొక్కు అవతలివైపే ఉంది. లోపలి నున్నటి తెలుపు మీద గోరంత గరుకేదో అంటుకుని ఉంది. గోటితో గీకాడు. ఊడలేదు.

ఎవరికైనా చెబుదామని గట్టువైపు చూశాడు. ఎవరూ లేరు. గుల్లని తీసినచోటే, బురద తగలకుండా తక్కినవాటి మీద ఆనించి, పోటు వచ్చి అది మునిగేదాకా పక్కనే నిలబడ్డాడు.